మూడో పాటలోని మౌనం

జూన్ 4

బాబాయికి నమస్కారాలు.

ఈ ఉదయం ఆఫీసు కిటికీ గట్టు మీద ఒక చిన్న పిట్ట వాలింది. బూడిద రంగు ఒళ్ళు, పొట్ట దగ్గర కాస్త పసుపు. చాలాసేపు నోరు తెరుస్తూ, మూస్తూ ఉండిపోయింది. నిద్ర చాలలేదేమో, ఆవలిస్తోంది. చూస్తూ చూస్తూ నేనూ ఆవలించాను. ఎదురు బల్ల దగ్గర కూర్చునే టైపిస్టు నన్ను చూసి నవ్వింది. ఆమెను ఆఫీసులో అందరూ వసపిట్ట అంటారు. నోరు మూసిన క్షణం ఉండదు. మనిషి మంచిది.

పిన్ని మోకాలు ఎలా ఉంది? కిందటి ఉత్తరంలో ఆ సంగతి దాటేశారు.

ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు. గాయని గువ్వ కొత్త ఆల్బం వచ్చింది. పేరు ‘గాజు గది’. మా వారపత్రికకి దాని మీద ఉత్తరాలు బస్తాల కొద్దీ వస్తున్నాయి. వాటిని చదివి, ఏవి వెయ్యాలో ఎంచి, తప్పులు దిద్ది ఎడిటర్ గారికి ఇవ్వడం నా పని. ఆయన వాటిని మళ్ళీ సగానికి కోస్తారు. అందుకే ఆయన పేరు కత్తెర.

గువ్వ ఏం చేసిందంటే, పియానో తీసేసింది. గిటారు లేదు, డప్పు లేదు. అంతా మిషన్లు, కంప్యూటర్లు. తన గొంతును కూడా ముక్కలు చేసి, సాగదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చింది. పాత రెండు ఆల్బంలూ మనం ఎన్నిసార్లు విన్నాం! “ఈ పియానో శ్రుతి చేసినవాడెవడో, వాడి చేతులు కళ్ళకద్దుకోవాలి” అనేవారు మీరు. ఆ చేతులకి ఈసారి పని లేదు.

జనం రెండుగా చీలిపోయారు. ఒక బడి మాస్టారు రాశారు: “గువ్వను పంజరంలో పెట్టి కరెంటు తీగ తగిలించారు.” ఒక బస్సు డ్రైవరు: “నా ఇంజను చప్పుడుతో కలిసే పాటలు ఇన్నాళ్ళకి వచ్చాయి. ప్రయాణికులు తిడుతున్నారు. తిట్టనీ.” ఒక పళ్ళ డాక్టరు: “రోజంతా నా క్లినిక్‌లో వినే చప్పుడే. మళ్ళీ కొనుక్కోవాలా?” ఒక కాలేజీ అమ్మాయి: “మూడో పాట వస్తే మా కుక్క మంచం కిందికి దూరుతోంది. నేను మాత్రం వింటూనే ఉన్నాను.” ఎంత బాగా రాస్తారో బాబాయ్. ఒక్కొక్కరిది ఒక్కో ఉపమానం.

నాకు ఆ మూడో పాటే అన్నిటికంటే ఇష్టం. రెండో చరణం అయ్యాక అన్నీ ఆగిపోతాయి. అడుగున ఒక్క దెబ్బ, గుండె కొట్టుకున్నట్టు, మెల్లగా. మిగతా అంతా మౌనం. తలుపు మూసుకుని నేనొక్కదాన్నే కూర్చున్నట్టుంటుంది. అంత పేరున్న గాయని అంత ధైర్యంగా ఊరుకోవడం నేనెక్కడా వినలేదు.

కత్తెర గారితో ఈ మాటే అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, “అదే రాయి. ఒక పేజీ. నీ పేరుతో వేస్తాను” అన్నారు. ఈ పత్రికలో చేరాక నా పేరుతో ఒక్క వాక్యం రాలేదు. రాత్రికి రాత్రే మొదలుపెట్టాను.

డిస్కు పంపుతున్నాను. విని మీకేమనిపించిందో రాయండి. ఫోన్ చెయ్యకండి. ఫోన్‌లో నాకు మాట్లాడటం రాదని మీకు తెలుసు.

మీ
పుస్తకాల పురుగు


జూన్ 12

అమ్మాయికి ఆశీస్సులు.

పిట్టలు ఆవలించవు తల్లీ. మీ ఆఫీసు గాలి తగిలి నేర్చుకుందేమో తెలీదు.

పిన్ని మోకాలు వాతావరణ శాఖ కంటే నయం. అది సలిపిందంటే సాయంత్రానికి వాన. కాబట్టి బాగు చేయించొద్దంటున్నాను. ఈ మాటకి నా వీపు మీద గరిటె పడింది.

నీ గాజు గదిలోకి వెళ్ళొచ్చాం ఇద్దరం. మొదటి పాటకి పిన్ని “ఇదేంటండీ, మిక్సీలో గువ్వను వేసి తిప్పినట్టుంది” అంది. ఐదో పాట వచ్చేసరికి వంటింట్లో కూర కలుపుతూ భుజాలు ఊపుతోంది. నేను చూశానని తెలిసి ఆపేసింది. ఆడవాళ్ళ అభిప్రాయం ఐదో పాట దాకా అడక్కూడదు.

నా మాటంటావా. నాకు మిషన్ల మీద పగ లేదు. పియానో మాత్రం మిషన్ కాదా, చెక్కా ఇనుమూ కాదా. కానీ నువ్వంత మోసిన ఆ మూడో పాట ఉందే, అందులో మౌనం ఎక్కడుందో కాస్త దారి చూపించు. నువ్వు చెప్పిన చోటే విన్నాను. అన్నీ ఆగాయి, నిజమే. కింద దెబ్బ ఉంది, నిజమే. కానీ పైన ఒక ఈల ఉంది చూడు, సన్నగా, సూది పెట్టి గుచ్చినట్టు. పాట మొదటి నుంచీ వెనకాల ఉంటుంది. మిగతావన్నీ తప్పుకున్నాక అదొక్కటే రాజ్యం ఏలుతుంది. పిన్ని కుక్కర్ అనుకుని లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళింది. స్టవ్ మీద ఏమీ లేదు. నేనైతే చెవులు మూసుకున్నాను.

నిజం చెప్పు, నువ్వు విన్నావా? లేక ఎవరో రాసింది చదివావా? కోపం తెచ్చుకోకు. నువ్వు చిన్నప్పటి నుంచీ చదివే పిల్లవి, వినే పిల్లవి కాదు. మీ నాన్న పోయి నువ్వు మా ఇంటికొచ్చిన కొత్తల్లో పియానో కింద కూర్చోబెట్టుకునేవాణ్ణి, గుర్తుందా? రెండు తీగలు కలవకపోతే మధ్యలో ఒక అల లేస్తుంది, ఊ ఊ ఊ అని. కలిసిన క్షణాన ఆ అల పడుకుంటుంది. పడుకున్నప్పుడు చెప్పమనేవాణ్ణి. నువ్వు చెక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఠక్కున చెప్పేదానివి. ఎడమ పక్క, బొంగురు స్వరాల మెట్ల దగ్గర నువ్వు తప్పు చెప్పడం నేనెరగను. కుడి పక్క సన్న స్వరాలకి జరిగేసరికి విసుగొచ్చి, పుస్తకం పట్టుకుని పారిపోయేదానివి. సగం పనికే బద్ధకం.

వచ్చే నెల సంగీతం బడి హాలు పియానో చెయ్యాలి. వార్షికోత్సవం. ఏటా నాకది పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టే. అన్నం వేళకి తిను.

మీ బాబాయి


జూన్ 19

బాబాయికి,

నేను విన్నాను.

మీ ఉత్తరం వచ్చాక మళ్ళీ విన్నాను. ఆఫీసు ప్లేయర్లో ఒకసారి, నా గదిలో ఒకసారి, పాటల కాగితం ఎదురుగా పెట్టుకుని, అక్షరం వెంట వేలు పెట్టి. ఆ చోట ఈల లేదు. ఏమీ లేదు. డిస్కు అమ్మినతని దగ్గరికి వెళ్ళి, మీకు పంపినదానిలో లోపం ఉండొచ్చా అని అడిగాను. అలాంటి ఫిర్యాదు ఎవరూ చెయ్యలేదన్నాడు. వసపిట్టను కూడా అడిగాను. ఆమె గబగబా ఏదో చెప్పి నవ్వింది. ఆమె గొంతు సన్నం, మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. నాకు సగమే అందుతాయి, మిగతా సగానికి నేనూ నవ్వేస్తాను. బాగుందనే అన్నట్టుంది.

ఒక మాట రాయాలా వద్దా అని రెండు కాగితాలు చించేశాను. లైబ్రరీలో ఒక పుస్తకం చదివాను. ఏళ్ళ తరబడి గట్టి చప్పుళ్ళ మధ్య పనిచేసినవాళ్ళకి చెవిలో ఒక హోరు మొదలవుతుందట. బయట నిశ్శబ్దంగా ఉన్నప్పుడే అది తెలుస్తుందట. కొందరికి ఈలలా ఉంటుందట. మీరు తీగ బిగించేటప్పుడు మెట్టును ఎంత గట్టిగా కొడతారో నాకు తెలుసు. అన్నేళ్ళు. ఒక్కసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి. నా కోసం. పిన్ని కుక్కర్ అనుకోవడం అంటారా, ఈల ఉందని మీరు అన్నాక ఆమెకీ అలా అనిపించి ఉంటుంది.

వ్యాసం ఇచ్చేశాను. కత్తెర గారు చదువుతూ మీసాల్లో నవ్వుకున్నారు. ఒక్క ముక్క కొయ్యలేదు. అందులో మీ మాట కూడా వాడుకున్నాను, పేరు లేకుండా. ఏమీ అనుకోరుగా?

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ
అమ్మాయి


జూలై 1

అమ్మాయికి,

పత్రిక అందింది. నీ పేరు అచ్చులో చూసి పిన్ని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. బీరువాలో పట్టుచీర కింద దాచింది.

నన్ను గురించి నువ్వు రాసింది ఇది: “నాకు తెలిసిన ఒక పియానో శ్రుతికారుడికి ఈ మౌనంలో ఈల వినిపించింది. తప్పు ఆయనది కాదు. జీవితమంతా తీగలకి అప్పగించిన చెవి, చివరికి నిశ్శబ్దాన్ని కూడా తన చప్పుడుతోనే నింపుకుంటుంది.”

వాక్యం బాగుంది.

ఈ నెల పని తక్కువ. ఇంట్లోనే ఉంటున్నాను.

బాబాయి


జూలై 8

బాబాయికి,

మీ ఉత్తరం చిన్నదైనా “వాక్యం బాగుంది” అన్న చోట చాలాసేపు ఆగాను. మీరు నన్ను ఎప్పుడూ ఊరికే మెచ్చుకోరు. మీరు రాసినదాన్ని నా పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను.

వ్యాసానికి జవాబులు వస్తున్నాయి. ఎక్కువమంది పొగిడారు. కానీ ఆ పొగడ్త ఏదో వింతగా ఉంది. “దాన్ని మౌనమని మెచ్చుకోవడం! ఎంత చురక!” అని ఒకాయన. “కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ముఖ్యంగా ఆ ముసలి శ్రుతికారుడి దగ్గర” అని ఒకావిడ. నేను నవ్వించడానికి రాయలేదు. కత్తెర గారు నా బల్ల దగ్గర ఆగి, “నిన్ను మౌనమ్మ అనుకున్నాం కానీ నీలో ఇంత వెటకారం ఉందనుకోలేదమ్మాయ్” అన్నారు. థాంక్స్ చెప్పాను. అందరూ నవ్వారు. అది మంచి నవ్వే అనుకుంటాను.

గువ్వను ఇష్టపడేవాళ్ళు నన్ను తిడుతున్నారు. ఇష్టపడని వాళ్ళు నన్ను భుజాన ఎత్తుకుంటున్నారు. నేను గువ్వ పక్షాన రాశాను కదా బాబాయ్. ఎవరు ఏం చదువుతున్నారో అర్థం కావడం లేదు. మొన్నటి బస్సు డ్రైవరు మాత్రం ఒక్క వాక్యం రాశారు: “ఈ అమ్మాయి పాట విన్నదా?” అచ్చం మీలాగే.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళారా? హాలు పియానో ఎలా కుదిరింది? కుర్రవాళ్ళు ఈసారి ఏం వాయిస్తున్నారట? మీరు ఆ సంగతి రాయకుండా ఉండరే.

మీ
పుస్తకాల పురుగు


జూలై 16

అమ్మాయికి,

హాలు పియానో బాగానే కుదిరిందట. నేను చూడలేదు.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, కుర్చీ వేసి, కాఫీ ఇప్పించారు. ఆ బడికి ఇన్నేళ్ళుగా వెళ్తున్నాను, కాఫీ ఇప్పించింది అదే మొదలు. అప్పుడే అర్థమైంది. “పెద్దవారు, ఈ ఏడాదికి విశ్రాంతి తీసుకోండి” అన్నారు. బల్ల మీద మీ పత్రిక ఉంది, నీ పేజీ దగ్గర మడిచి. ఈ ఊళ్ళో పియానో శ్రుతికారులు ఎంతమందున్నారు, అన్నకూతురు ఆ పత్రికలో పనిచేసేవాళ్ళు ఎంతమందున్నారు? పేరు లేకపోతేనేం. “మీ మీద గౌరవం లేక కాదండీ, పిల్లల తల్లిదండ్రులు కూడా చదివారు” అన్నారాయన. పని ఇంకొకాయనకి ఇచ్చారు.

సరేనని లేచి వచ్చేశాను. ఎందుకంటే, అమ్మాయ్, అప్పటికే నాకూ అనుమానం పట్టుకుంది. చెవిలో హోరని నువ్వు రాసిన ఉత్తరం వచ్చిన మర్నాడు మన ఇంటి పియానో ముందు కూర్చున్నాను. ఒక్క తీగ బిగించడానికి చెయ్యి ఆడలేదు. లేచే అల తీగలోదా, నా చెవిలోదా? నలభై ఏళ్ళుగా నాకు రాని ప్రశ్న. మూత వేసేశాను.

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒక పెట్టె లాంటి గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, కూత వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆ గదికి ఒక పక్కంతా గాజు. నీ గాజు గదే అనుకున్నాను. ఆ పరీక్ష చేసే అమ్మాయి కాగితం చూసి, “తాతగారూ, మీ వయసుకి ఈ చెవులు అద్భుతం. ఏం చేస్తుంటారు?” అంది. “ఏమీ చెయ్యడం లేదమ్మా” అన్నాను.

దారంతా సంతోషించాను. ఇంటికొచ్చి నీ ఉత్తరాలు తీశాను, మొహాన కొట్టినట్టు జవాబు రాద్దామని. మొదటి ఉత్తరం మొదలుపెట్టి, పిట్ట దగ్గరే ఆగిపోయాను. నోరు తెరిచి మూసే పిట్ట ఏం చేస్తుంది తల్లీ?

ఒక పని చెయ్యి తల్లీ. కోపంతో చెప్పడం లేదు. మీ వసపిట్టను ఆ మూడో పాటలో ఆ చోటు వినమను. నోటితో చెప్పనివ్వకు. ఏం వినపడిందో కాగితం మీద రాసిమ్మను.

బాబాయి


జూలై 22

బాబాయికి,

వసపిట్ట వింది. నా మొహం చూసి ఈసారి ఆమె నవ్వలేదు. కాగితం మీద రాసింది: “కింద డబ్ డబ్. పైన ఈల. ఈల ఆగదు. మొన్న నేను చెప్పింది కూడా ఇదే కదా?”

పాఠకుల ఉత్తరాలన్నీ మళ్ళీ తీశాను. పళ్ళ డాక్టరు మిషన్ చప్పుడన్నారు. కుక్క నిజంగానే మంచం కిందికి దూరింది. ‘దోమ’ అన్నవాళ్ళున్నారు, ‘కుక్కర్’ అన్నవాళ్ళున్నారు, ‘పాత టీవీ’ అన్నవాళ్ళున్నారు. నేను వాటిని ఉపమానాలు అనుకున్నాను. బాగున్నవి ఏరి అచ్చుకిచ్చాను. బాబాయ్, వాళ్ళెవరూ ఉపమానం రాయలేదు. వినపడింది రాశారు.

ఆఫీసువాళ్ళు నన్ను ఎందుకు మెచ్చుకున్నారో కూడా తెలిసింది. అంత ఈలను మౌనం అని రాయడం వాళ్ళకి వెటకారంలా అనిపించింది. నేను చేసిన ఒక్క మంచి హాస్యం అది.

నిన్న ఇక్కడి చెవుల డాక్టరు దగ్గర నేనూ అలాంటి గాజు గదిలో కూర్చున్నాను. డిప్పలు తగిలించారు. మొదట కూతలు వినపడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. పరీక్ష అయిపోయిందనుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గాజు అవతల పరీక్ష చేసే అమ్మాయి ఇంకా మీటలు తిప్పుతూనే ఉంది.

చిన్నప్పటి నుంచీ ఇంతే అయ్యుండాలన్నారు. కింది శబ్దాలు బాగానే అందుతాయట, పైకి వెళ్ళేకొద్దీ గోడ కట్టినట్టు ఆగిపోతాయట. మాటల్లో కొన్ని అక్షరాలు కూడా ఆ గోడ అవతలే ఉంటాయట. మిగతావి నేను పెదాలు చూసి పూరించుకుంటున్నానట. బళ్ళో డిక్టేషన్‌లో నాకు సగం మార్కులే వచ్చేవి. అదే పాఠం చదివి అప్పజెప్పమంటే ఒక్క ముక్క పోయేది కాదు. వెనకనుంచి పిలిస్తే పలకనని మా కాన్వెంటు సిస్టర్ నన్ను గర్విష్ఠి అనేది. నేను బిడియస్థురాలినని మీరందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

హాలు పియానో పోయింది నా వల్ల. వచ్చే సంచికలో సవరణ వేస్తాను. అసలు సంగతి రాస్తాను.

మీ
అమ్మాయి


జూలై 29

తల్లీ,

సవరణ వెయ్యకు.

నా చెవి పరీక్ష కాగితం పట్టుకెళ్ళి ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయన చాలా నొచ్చుకున్నారు. కొత్తాయనతో ఏడాదికి మాటైపోయింది, వచ్చే ఏడు తప్పకుండా చూద్దామన్నారు. ఆ ‘తప్పకుండా’ ఎంత గట్టిగా అన్నారంటే, చూడరని తెలిసిపోయింది. పోనీ. నాకు పోయింది ఒక పియానో. నువ్వు నోరు తెరిచి పదిమందిలో ఇది చెప్తే, రేపటి నుంచి ఆఫీసులో ప్రతివాడూ నీ చెవి దగ్గరికొచ్చి అరుస్తాడు. మొన్నటి దాకా వెటకారమని మెచ్చుకున్నవాళ్ళే అయ్యో పాపం అంటారు. నీకు ఆ రెండో మాట పడదు. నాకు తెలుసు.

ఇంకా ఏం తెలుసు నాకు? ఏమీ తెలీదు. చెవిని నమ్ముకుని బతికినవాణ్ణి. పక్క వీధిలో ఎవడో పియానో మూత వేస్తే ఏ తీగ వదులైందో చెప్పేవాణ్ణి. నా ఇంట్లో, నా పియానో కింద కూర్చున్న పిల్లకి వినపడటం లేదని నాకు తెలియలేదు. అరచెయ్యి చెక్క మీద ఎందుకు పెట్టేదానివో అడగలేదు. ముద్దుగా ఉందని చూస్తూ కూర్చున్నాను. కుడి పక్క మెట్ల దగ్గర లేచి వెళ్ళిపోతే బద్ధకమన్నాను. మొన్న మొన్నటి దాకా అన్నాను, కాగితం మీద పెట్టి మరీ.

పిన్నికి నీ ఉత్తరం చదివి వినిపించాను. తర్వాత ఒక్కటే అడిగింది. “చిన్నప్పుడు నేను వంటింట్లోంచి పిలిస్తే రాలేదని చెవి మెలేసేదాన్ని కదండీ. ఏ చెవి?” నాకు గుర్తు లేదన్నాను. ఆమె గొంతు సన్నం కదా. నువ్వు పెద్దయ్యాక ఆమె పిలిస్తే రావడం లేదని, వేరింటి పిల్లవి కాబట్టి ఆమెను లెక్కచెయ్యవని అనుకునేది. ఎప్పుడూ పైకి అనలేదు.

ఇంటికి రా. సవరణ వద్దు.

బాబాయి


ఆగస్టు 11

బాబాయికి,

సవరణ వచ్చింది. కత్తిరించి దీనితో పంపుతున్నాను. మీకు వెతుక్కునే పని లేకుండా ఇక్కడ కూడా రాస్తున్నాను.

“‘గాజు గది’ మూడో పాటలో మౌనం ఉందని ఈ పత్రికలో రాశాను. అక్కడ మౌనం లేదు. సన్నటి ఈల ఉంది. పై స్థాయి శబ్దాలు నాకు పసితనం నుంచీ వినపడవు. ఆ సంగతి నాకు ఈ మధ్యనే తెలిసింది. ఆ వ్యాసంలో నేను చెప్పిన పియానో శ్రుతికారుడి చెవుల్లో ఏ లోపమూ లేదు. ఆయన విన్నది విన్నట్టు చెప్పారు.”

కింద నా పేరు. కత్తెర గారు చదివి, పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. ఒక్క అక్షరం కొయ్యలేదు. మీ ప్రిన్సిపాల్ గారికి ఒక కాపీ విడిగా పంపాను.

మీరు వద్దన్నారు. కానీ ఆ వాక్యం అచ్చయిన చోటే ఈ వాక్యం కూడా అచ్చు కావాలి. మీ ఉత్తరంలో “వాక్యం బాగుంది” అన్న ముక్కను పర్సులోంచి తీసేశాను. అప్పుడు నాకు దాన్ని చదవడం కూడా రాలేదు.

ఆఫీసులో మీరు చెప్పినట్టే జరిగింది. ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి, మొహం మీద మొహం పెట్టి, ఒక్కో అక్షరం విడదీసి పలికారు. వసపిట్ట మాత్రం ఏమీ మార్చలేదు. అంతే గబగబా మాట్లాడుతుంది. కాకపోతే చెప్పడం అయ్యాక ముఖ్యమైన మాటలు ఒక చీటీ మీద రాసి నా బల్ల మీదికి తోస్తుంది. నిన్నటి చీటీలో “మూడో అంతస్తు అకౌంటెంట్ విగ్గు” అని ఉంది. ఈసారి అర్థమయ్యే నవ్వాను.

చెవికి పెట్టుకునే మిషన్ ఒక వారం వాడి చూడమని ఇచ్చారు. పెట్టుకుని వీధిలోకి వచ్చాను. నా చెప్పులకి చప్పుడుంది. కాగితానికి చప్పుడుంది. పక్కన నడిచే ముసలావిడ చేతిసంచికి కూడా ఉంది. లోకం అంతా ఎవరో దేన్నో గీస్తున్నట్టుంది. గదికి వచ్చి మూడో పాట పెట్టాను. ఈల వినపడింది. మీరు చెప్పిన చోటే, మీరు చెప్పినట్టే. చెవులు మూసుకున్నాను.

మిషన్ తీసేసి మళ్ళీ విన్నాను. మౌనం ఉంది, కింద దెబ్బ ఉంది. కానీ ఇప్పుడు అక్కడ ఈల ఉందని నాకు తెలుసు. తలుపు మూసినా అవతల ఎవరో నిలబడి ఉన్నట్టుంది. నాకు అంత నచ్చిన ఆ పాట నా చెవిలో తప్ప ఎక్కడా లేదు బాబాయ్. గువ్వ కూడా దాన్ని పాడలేదు.

గువ్వ మీద ఉత్తరాలు ఇంకా వస్తున్నాయి. తిట్లూ ఉన్నాయి, మెప్పులూ ఉన్నాయి. ఎవరికి ఏది వినపడితే అది రాస్తున్నారు. అన్నీ జాగ్రత్తగా చదువుతున్నాను.

పిన్నితో చెప్పండి, ఏ చెవి అన్నది నాకు కూడా గుర్తు లేదు. నొప్పి కూడా గుర్తు లేదు. వచ్చే శనివారం బయల్దేరి వస్తాను. నేను వచ్చేసరికి మీరు ఇంటి పియానో మూత తెరిచి ఉంచాలి. నేను పాత చోటే, కిందే కూర్చుంటాను.

మీ
అమ్మాయి

తా.క. చిన్నప్పుడు మీరు కుడి చివరికి వచ్చినప్పుడు నాకు చెక్క చెక్కకి తగిలే చప్పుడొక్కటే వినపడేది. ఆ చివరి మెట్లు ఏ పియానోలోనూ మోగవని, రెండు వైపులా బారు సమంగా కనపడటానికి పెట్టారని అనుకునేదాన్ని.